తక్కువ ధర వెదురు ఉకులేలే: వాయించి చూశాక నా అంచనా, ఒక సందేహం

వెదురుగొంతు

అందరికీ నమస్కారం. కొంతకాలంగా ఒక వెదురు ఉకులేలే (గిటారులాంటి, నాలుగు తీగల చిన్న వాద్యం) వాయిస్తున్నాను. కాన్సర్ట్ సైజు (సొప్రానో అనే చిన్న రకం కన్నా కాస్త పెద్దది), స్కేల్ పొడవు, అంటే తీగ మోగే భాగం పొడవు, 380 మిల్లీమీటర్లు. కొత్తగా నేర్చుకునేవారి కోసం అమ్మే చవక రకమే. కంపెనీ పేరు రాయడం లేదు. పేరుకన్నా సాధనం తీరు వివరంగా చెబితేనే, ఇలాంటిది కొనాలనుకునేవారికి ఎక్కువ ఉపయోగం.

పైపలక, వెనుక పలక, పక్కలు మూడూ వెదురే. మెడ మాత్రం వేరే చెక్క. మెరుపు లేని పూత, పల్చగా, సమంగా వేశారు. కణుపుల గుర్తులు అక్కడక్కడా కనిపిస్తూ చూడటానికి బాగుంది. ట్యూనింగ్ కీలు పళ్ళ చక్రాలవి, వదులు లేదు. మెడ అంచు వెంబడి వేలు నడిపితే ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా దిగిన సన్నని లోహపు కడ్డీల) చివరలు ఎక్కడా గీసుకోవడం లేదు. ఈ తరగతి సాధనాల్లో ఇది అరుదు.

నాద విషయానికి వస్తే, నా దగ్గర అదే సైజు మహాగని ప్లైవుడ్ ఉకులేలే ఉంది. రెండింటికీ ఒకే రకం ఫ్లోరోకార్బన్ తీగలు వేసి పోల్చాను. తీగలు మారితే పోలికకే అర్థం ఉండదు. వెదురు దానిలో స్వరం మీటగానే ఠక్కున పలుకుతుంది, త్వరగా ఆగిపోతుంది. ఒక్కొక్క తీగ మీటి వాయిస్తే ప్రతి స్వరం విడివిడిగా, శుభ్రంగా వినిపిస్తుంది. నాలుగు తీగలూ కలిపి వాయించినప్పుడు మాత్రం మహాగనిలో ఉన్న నిండుతనం ఇందులో లేదు. శబ్దం కూడా కాస్త తక్కువే.

ఇప్పుడు అసలు సందేహం. ఖాళీ తీగలన్నీ సరిగ్గా శ్రుతి చేసినా ఎఫ్ కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టగానే అపశ్రుతి. ట్యూనర్‌తో చూస్తే ‘ఇ’ తీగ (నాలుగు తీగలకు జి, సి, ఇ, ఎ అని పేర్లు) మొదటి ఫ్రెట్ దగ్గర దాదాపు 15 సెంట్లు (శ్రుతి తేడాను కొలిచే చిన్న ప్రమాణం) ఎక్కువ పలుకుతోంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర మాత్రం సరిగ్గానే ఉంది. ఇది వెదురు వల్ల వచ్చిన లోపమా? లేక ఈ ఒక్క సాధనంలో పనితనం లోపమా?

శ్రుతిశుద్ధి

వెదురు పాత్ర ఇందులో ఏమీ లేదు, నట్ (మెడ పైచివర తీగలు ఆనే గాడుల పట్టీ) ఎత్తుగా ఉంది. మీరు రాసిన రెండు కొలతల్లోనే సమాధానం ఉంది.

నట్ గాడి లోతు చాలకపోతే తీగ మొదటి ఫ్రెట్‌కు బాగా పైన ఉంటుంది. దాన్ని కిందికి నొక్కాలంటే ఎక్కువ సాగదీయాలి. సాగిన కొద్దీ బిగువు పెరుగుతుంది, స్వరం పైకి జరుగుతుంది. నట్ పక్కనే ఉన్న ఫ్రెట్‌లో ఈ ప్రభావం ఎక్కువ, ముందుకు వెళ్ళే కొద్దీ తగ్గిపోతుంది. అందుకే మీకు పన్నెండో ఫ్రెట్ సరిగ్గా వస్తోంది. శాడిల్ (పైపలక మీద తీగలు ఆనే పట్టీ) ఎత్తుగా ఉన్నా, తప్పు చోట ఉన్నా పన్నెండో ఫ్రెట్టే ముందు చెడేది. ఎక్కడో మధ్యలో ఒకే ఒక్క ఫ్రెట్ తప్పు పలుకుతుంటే ఆ ఫ్రెట్ తప్పు చోట దిగిందని అర్థం. అది మనం సరిచేయగలిగేది కాదు, అలాంటిది వెంటనే వెనక్కి ఇచ్చేయాలి.

ఎఫ్ కార్డ్‌లోనే బయటపడటానికీ కారణం ఉంది. అందులో ‘ఇ’ తీగను మొదటి ఫ్రెట్‌లో నొక్కుతాం, ‘సి’, ‘ఎ’ తీగలు ఖాళీగా మోగుతాయి. నొక్కిన తీగ పైకి జరిగి, ఖాళీ తీగలు ఉన్నచోటే ఉంటే చెవికి వెంటనే గుచ్చుకుంటుంది. పక్కపక్క ఫ్రెట్ల మధ్య 100 సెంట్లు. అందులో 15 అంటే తక్కువేమీ కాదు. 5 లోపు ఉంటే చాలామందికి తెలియదు.

ఒక పరీక్ష చేయండి. ఒక్కొక్క తీగనూ రెండో, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కి, మొదటి ఫ్రెట్ మీద తీగకు, ఫ్రెట్‌కు మధ్య సందు చూడండి. పల్చటి కాగితం పట్టేంత ఉంటే చాలు. అంతకన్నా స్పష్టంగా కనిపిస్తే గాడి లోతు చేయాల్సిందే.

చెక్కపని

శ్రుతిశుద్ధి గారి మాటే నాదీ. అయితే వెదురు గురించి కొంత రాయాలనిపించింది, ఎందుకంటే దాన్ని చాలామంది ఒక రకం చెక్క అనుకుంటారు. వెదురు గడ్డి జాతి. లోపల డొల్ల. అంత వెడల్పు పలక దాని నుంచి నేరుగా ఎవరూ కోయలేరు. ఏ వెదురు ఉకులేలే పలకైనా సన్నని బద్దలను పక్కపక్కన జిగురుతో అతికించి చేసిందే. కాబట్టి ప్రకటనలో ‘ఘన వెదురు’ అని రాసి ఉన్నా, ఒకే దుంగ నుంచి కోసిన చెక్క పలక అన్న అర్థంలో తీసుకోకండి.

బద్దలను అతికించే పద్ధతులు రెండు. బద్దను వెడల్పుగా పరిస్తే కణుపుల గుర్తులు పెద్దవిగా కనిపిస్తాయి. అంచు పైకి వచ్చేలా నిలబెట్టి అతికిస్తే సన్నని గీతలు బారులు తీరినట్టు ఉంటుంది. ఇక మూడో రకం, పైన పల్చటి వెదురు పొర, లోపల వేరే ప్లైవుడ్. ఇది తెలుసుకోవడానికి నాద రంధ్రం అంచును వెలుతురులో చూడండి. పైన కనిపించిన గీత అంచు మీదుగా లోపలి దాకా కొనసాగితే పలక మొత్తం వెదురే. అంచులో పొరలు పొరలుగా రంగు మారితే పైపొర మాత్రమే వెదురు. రెండోది చెడ్డదని కాదు, గట్టిగానే ఉంటుంది. కానీ అప్పుడు మనం వింటున్నది వెదురు నాదం అనలేం.

నాదం విషయంలో వెదురుగొంతు గారు రాసినది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. గిటారు పైపలకలకు వాడే స్ప్రూస్ చెక్క సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 0.4 గ్రాములు. వెదురుది సాధారణంగా 0.6 నుంచి 0.8. నారలన్నీ నిలువునా ఉండటం వల్ల ఆ దిశలో వెదురు చాలా బిగువుగా ఉంటుంది, అడ్డంగా మాత్రం బలహీనం. పలక బరువైతే తీగ ఇచ్చే కొద్దిపాటి శక్తితో దాన్ని కదిలించడం కష్టం. ఉకులేలే నాలుగు తీగల బిగువు మొత్తం కలిపినా 15 నుంచి 20 కిలోల దగ్గర ఉంటుంది. ఇనుప తీగల గిటారులో అది 70 కిలోలు దాటుతుంది. ఇంత చిన్న శక్తితో పలకాలంటే పలక పల్చగా ఉండాలి, లోపలి ఆనుబద్దలు (పలకకు బలం కోసం లోపల అతికించే బద్దలు) తేలికగా ఉండాలి. చవక సాధనం తయారుచేసేవాడు పగుళ్ళకు భయపడి పలకను మందంగానే ఉంచుతాడు. శబ్దం తగ్గడానికి నా లెక్కలో పెద్ద కారణం ఆ మందమే. వెదురు ఆ తర్వాతి సంగతి.

కోవాప్రియ

నేను కొంచెం విభేదిస్తాను. నట్ సరిచేసుకోవచ్చు, తీగలు మార్చుకోవచ్చు. పలక స్వభావాన్ని ఎవరూ మార్చలేరు. ఉకులేలే పుట్టిన హవాయిలో కోవా చెక్కతో చేశారు. ఆ తీయదనం, ఆ నిలకడ వెదురులో రావు. నాదం త్వరగా ఆగిపోతోందని వెదురుగొంతు గారే రాశారు. నెమ్మదైన పాట వాయించేటప్పుడు స్వరం నిలవకపోతే పాటే తెగిపోయినట్టు ఉంటుంది. నేర్చుకునేవారికి మొదటి సాధనం మీదే మనసు నిలవాలి. అందుకే చవకలో కొనాల్సి వస్తే మహాగని ప్లైవుడే కొనమంటాను.

పాతతీగ

కోవాప్రియ గారూ, కోవా నాదం నాకూ ఇష్టమే. అయితే చరిత్ర మీ వాదనకు పూర్తిగా తోడు రాదు.

1879లో రేవన్స్‌క్రాగ్ అనే ఓడలో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి కూలీలు హవాయిలోని హొనొలులు చేరారు. వారిలో మాన్యుయెల్ నూనెస్, ఆగుస్తో దియాస్, జుజె దో ఎస్పిరితు సాంతు అనే ముగ్గురు చెక్కపనివారు ఉన్నారు. తమ ఊరి చిన్న తంత్రీవాద్యాలను అక్కడ దొరికే చెక్కతో చేయడం మొదలుపెట్టారు. ఆ చెక్కే కోవా. అంటే ఉకులేలే తాత ముత్తాతలు కోవా ఎరగనే ఎరగవు. దీవిలో దొరికిన చెక్కకు వాళ్ళ చేతిపని తోడైంది.

ఇంకో ఉదాహరణ ఈ చర్చకు సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో పేరున్న గిటారు సంస్థ మార్టిన్ 1907లో ఉకులేలే చేయడానికి ప్రయత్నించింది. తమకు అలవాటైన స్ప్రూస్ పైపలకే వేసింది, గిటారుకు వేసినట్టు లోపల గట్టి ఆనుబద్దలు పెట్టింది. నాదం మందకొడిగా వచ్చి ఆ ప్రయత్నం విఫలమైంది. 1916లో మహాగనితో, తేలిక కట్టుబడితో మళ్ళీ మొదలుపెట్టాక అవే ప్రపంచమంతా మెచ్చినవి అయ్యాయి. స్ప్రూస్ కన్నా మంచి పైపలక గిటారు లోకంలో లేదని చాలామంది అంటారు. ఆ స్ప్రూసే కట్టుబడి బరువైతే పలకలేదు. 1949లో మారియో మకాఫెర్రీ అనే సాధన నిర్మాత ప్లాస్టిక్‌తో చేసిన ఉకులేలేలు లక్షల్లో అమ్ముడయ్యాయి. ఎందరో వాటి మీదే నేర్చుకున్నారు. చెక్కపని గారు మందం గురించి చెప్పినది అక్షరాలా నిజం.

కొత్తచేయి

చర్చ చదువుతుంటే చాలా తెలుస్తోంది. నాకు సంగీతం రాదు, ఇదే మొదటి సాధనం. సొప్రానో, కాన్సర్ట్‌లలో ఏది తీసుకోవాలి? దుకాణంలో చేతికి తీసుకున్నప్పుడు, వాయించడం రాని మనిషి ఏం చూడగలడు?

శ్రుతిశుద్ధి

కొత్తచేయి గారూ, సొప్రానో స్కేల్ పొడవు 330 నుంచి 350 మిల్లీమీటర్లు, కాన్సర్ట్ 380 దగ్గర. రెండింటికీ శ్రుతి ఒకటే: జి, సి, ఇ, ఎ. వేళ్ళు లావుగా ఉంటే కాన్సర్ట్ సుఖం. చవక సాధనాల్లో ఇంకో కారణం కూడా ఉంది. స్కేల్ చిన్నదయ్యే కొద్దీ ఫ్రెట్ స్థానంలో జరిగే చిన్న పొరపాటు కూడా చెవికి పెద్దగా తెలుస్తుంది.

వాయించడం రాకపోయినా చిన్న కొలత బద్దతో చూడగలిగినవి ఉన్నాయి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు ఎంత దూరమో, అక్కడి నుంచి శాడిల్‌కు దాదాపు అంతే ఉండాలి. 380 స్కేల్‌కు 190, 190. శాడిల్ వైపు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే మంచిదే, నొక్కినప్పుడు తీగ సాగడాన్ని అది సర్దుతుంది. తక్కువ ఉంటే మాత్రం కొనకండి. పన్నెండో ఫ్రెట్ మీద తీగ ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య ఉంటే వేళ్ళకు నొప్పి ఉండదు. తర్వాత బ్రిడ్జి (శాడిల్‌ను పట్టి ఉంచే, పైపలకకు అతికించిన చెక్క) వెనుక అంచు కిందికి కాగితం దూర్చి చూడండి. దూరితే జిగురు వదులుతోందని అర్థం. చివరగా ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లో నొక్కి ఒక్కసారి మీటండి. రాగం అక్కర్లేదు. ఎక్కడైనా జుయ్‌మని మోగినా, పక్క ఫ్రెట్‌తో సమానంగా పలికినా మరొకటి అడగండి.

చెక్కపని

దానికి ఒకటి కలుపుతాను. పైపలకను, వెనుక పలకను వేలి కణుపుతో అక్కడక్కడా మెల్లగా తట్టండి. ఎక్కడైనా గిలగిలమన్న చప్పుడు వస్తే లోపల ఆనుబద్ద ఊడి ఉంటుంది. వెదురు సాధనంలో అయితే బద్దల అతుకుల వెంట గోరు నడపండి. గోరు ఎక్కడా ఆగకూడదు. నారలను అడ్డంగా పట్టి ఉంచే కణజాలం వెదురులో లేదు, అందుకే అది నిలువునా సులువుగా చీలుతుంది. అతుకు దగ్గర సందు ఉంటే అది రేపటి పగులు.

వెదురుగొంతు

శ్రుతిశుద్ధి గారు చెప్పిన పరీక్ష చేశాను. ‘ఎ’ తీగ దగ్గర సందు సన్నగానే ఉంది. ‘సి’, ‘ఇ’ తీగల దగ్గర మాత్రం పోస్టుకార్డు సులువుగా దూరింది. పన్నెండో ఫ్రెట్ దాకా కొలిస్తే 190, అక్కడి నుంచి శాడిల్ దాకా 191 వచ్చింది. నట్ నుంచి మొదటి ఫ్రెట్ 21 మిల్లీమీటర్లకు కాస్త పైన. లెక్క ప్రకారం 21.3 ఉండాలి కదా. అంటే ఫ్రెట్లు సరిగ్గానే దిగాయి. చెక్కపని గారు చెప్పినట్టు నాద రంధ్రం అంచు కూడా చూశాను. గీతలు లోపలి దాకా ఉన్నాయి, పలక మొత్తం వెదురే. అయితే రెండు మిల్లీమీటర్లు దాటి మందంగా కనిపిస్తోంది.

నట్ గాడి నేనే చేసుకోవచ్చా, లేక సాధనాలు బాగుచేసేవారికి ఇవ్వాలా?

చెక్కపని

చేసుకోవచ్చు, తొందరపడకుండా. తీగ మందానికి సరిపోయే సన్నని ఆకురాయి కావాలి. తీగను వదులు చేసి పక్కకు తప్పించి, గాడిలో రెండు మూడుసార్లు గీసి, తీగను మళ్ళీ శ్రుతికి తెచ్చి చూడండి. మళ్ళీ రెండు మూడుసార్లు, మళ్ళీ చూడండి. విసుగొచ్చినా ఇదే దారి. ఒకేసారి దించేద్దామనుకుంటే గాడి లోతైపోయి ఖాళీ తీగ మొదటి ఫ్రెట్‌కు కొట్టుకుంటుంది.

కోణం ముఖ్యం. ఆకురాయి వెనుక భాగాన్ని ట్యూనింగ్ కీల వైపు కొంచెం కిందికి వంచి పట్టుకోవాలి. గాడి ఎత్తైన చోటు ఫ్రెట్ల వైపు అంచులోనే ఉండాలి, తీగ అక్కడి నుంచే మొదలవ్వాలి. గాడి సమతలంగా ఉన్నా, ఎదురు వాలుగా ఉన్నా తీగ గాడిలోనే కంపిస్తూ జీరగా పలుకుతుంది.

ఒకవేళ లోతు ఎక్కువైతే గాడిలో చిటికెడు బేకింగ్ సోడా పోసి ఒక్క చుక్క సూపర్ గ్లూ వేస్తే రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ గీసుకోవచ్చు. చుట్టుపక్కల టేపు అతికించండి, పూత మీద పడితే మరక పోదు. ఆవిరి కళ్ళకు తగలకుండా చూసుకోండి.

శాడిల్ జోలికి ఇప్పుడు వెళ్ళకండి. ఎప్పుడైనా దించాల్సి వస్తే గుర్తుంచుకోండి, పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు రుద్దాలి.

ఆకుపచ్చగీత

నేను వెదురు సాధనం వైపు చూస్తున్నది పర్యావరణం కోసం. అడవి చెట్టు నరకకుండా చేసిన సాధనం అనే మాట ఎంతవరకు నమ్మవచ్చు?

చెక్కపని

సగం వరకు. వెదురు మూడు నుంచి అయిదేళ్ళలో కోతకు వస్తుంది. నరికితే దుంప నుంచి మళ్ళీ మొలుస్తుంది. సాధనాలకు పనికొచ్చే చెట్టుకు దశాబ్దాలు పడుతుంది. ఇది నిజమైన మేలు. కానీ బద్దలను అతికించడానికి జిగురు చాలా కావాలి, వాటిలో కొన్ని ఫార్మాల్డిహైడ్ అనే ఘాటు రసాయనం ఉన్నవి. పెట్టె తెరవగానే ఘాటు వాసన వచ్చి రోజులు గడిచినా తగ్గకపోతే నేనైతే ఉంచుకోను. గోధుమరంగు వెదురుకు చాలావరకు రంగు వేసి ఉండరు. ఆవిరితో వేడిచేస్తే అందులోని చక్కెరలు మారి ఆ రంగు వస్తుంది. లేతరంగు దానికన్నా అది కాస్త మెత్తబడుతుంది.

అసలు పర్యావరణానికి మేలు సాధనం ఎన్నేళ్ళు వాడతామన్న దాంట్లో ఉంది. శ్రుతి నిలవక మూలన పడేసిన వెదురు ఉకులేలే వల్ల ఏ అడవికీ లాభం లేదు. అందుకే ఈ నట్, ఫ్రెట్ల గోల ఇంతగా పట్టించుకుంటాను.

వెదురుగొంతు

గాడులు సరిచేశాను. ‘సి’, ‘ఇ’ తీగలకే పని పడింది. ఇప్పుడు ‘ఇ’ తీగ మొదటి ఫ్రెట్‌లో 4 సెంట్లు ఎక్కువ, అంతే. ఎఫ్ కార్డ్ నుంచి సి కార్డ్‌కు మారుతుంటే ఇదివరకు ఉన్న ఆ కరుకు పూర్తిగా పోయింది. ఇంకో మార్పు నేను ఊహించనిది: నొక్కడానికి బలం అక్కర్లేకపోవడంతో ఎడమ చెయ్యి తేలికపడింది, కార్డులు మార్చే వేగం పెరిగింది.

నా అంచనా ఇది. నాదం మారలేదు, మారదు కూడా. ఒక్కొక్క తీగ మీటి వాయించే పాటలకు, పాడుతూ పక్కన వాయించుకోవడానికి దీన్నే ఎత్తుకుంటాను. పదిమంది మధ్య గట్టిగా వినిపించాలంటే మహాగనిదే. కొనమని ఎవరైనా అడిగితే కొనమనే చెబుతాను, కానీ ఫ్రెట్లు కొలిచి చూశాకే.

కోవాప్రియ

శ్రుతి సరైనందుకు సంతోషం. నిలకడ విషయంలో నా అభిప్రాయం అదే. అయితే పాడుతూ వాయించేవారికి, స్వరం త్వరగా ఆగడం వల్ల గొంతుకు చోటు దొరుకుతుంది, అది ఒప్పుకుంటాను. నెమ్మది పాటలు వాయించేవారు మాత్రం కొనేముందు ఒక స్వరం మీటి ఎంతసేపు నిలుస్తుందో వినండి.

కొత్తచేయి

నేనూ ఒకటి తీసుకున్నాను, వెదురుదే, కాన్సర్ట్. కొలతలన్నీ సరిపోయాయి. కానీ ఉదయం శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతోంది. కీలు చెడ్డవా?

శ్రుతిశుద్ధి

కీలు కాదు, కొత్త తీగలు. నైలాన్ అయినా ఫ్లోరోకార్బన్ అయినా కొన్ని రోజులు సాగుతూనే ఉంటాయి. ప్రతి తీగనూ మధ్యలో పట్టి మెల్లగా పైకి లాగి వదిలి, మళ్ళీ శ్రుతి చేయండి. స్వరం ఎక్కువైతే కిందికి దించి ఆపకండి. బాగా దించి, కింది నుంచి పైకి తెచ్చి ఆపండి, అప్పుడే కీలోని పళ్ళు బిగిసి పట్టుకుంటాయి. వారం దాటాక కూడా ఒకే తీగ దిగుతుంటే బ్రిడ్జి దగ్గర ఆ తీగ ముడి జారుతోందేమో చూడండి. ఎంత ఆశ పుట్టినా ఇనుప తీగలు మాత్రం వేయకండి, బ్రిడ్జి లేచి వస్తుంది.

ఆకుపచ్చగీత

‘జి’ తీగను కింది స్థాయికి మార్చుకుంటే వెదురు దానిలో నిండుతనం వస్తుందా?

చెక్కపని

కొంత వస్తుంది. కింది ‘జి’ అంటే 196 హెర్ట్జ్. ఇంత చిన్న పెట్టె ఆ స్వరపు మూలనాదాన్ని బలంగా పలికించలేదు. చెవి దాని పైస్వరాలను బట్టి అందుకుంటుంది. అయినా కార్డులకు కింద ఒక ఆధారం దొరుకుతుంది. ఆ తీగ లావు కాబట్టి గాడి వెడల్పు చేయాలి. వెడల్పు చేశాక మళ్ళీ పాత తీగ వేస్తే వదులుగా కదులుతుంది. అందుకని ఉన్న నట్‌ను గీయకుండా తీసి భద్రపరిచి, వేరే నట్ పెట్టుకోండి. ఆ పని చేసేటప్పుడే గాలిలో తేమ కూడా చూసుకోండి. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వెదురుకు, జిగురుకు రెండింటికీ మంచిది. గాలి మరీ పొడిగా ఉంటే ఫ్రెట్‌బోర్డు (మెడ మీద ఫ్రెట్లు దిగిన చెక్క పట్టీ) కుంచించుకుపోయి ఫ్రెట్ల చివరలు బయటికి పొడుచుకొస్తాయి.